ఛత్రికి సున్నా

ఈ రోజు మా ఆసుపత్రి స్పీచ్ థెరపీ గదిలో నేను మనుషుల గొంతులకు మార్కులు వేశాను, దేవుడు నన్ను క్షమించుగాక. ఏడో పేషెంట్ మల్లయ్య కాక వచ్చేసరికి నా చెవులు అరిగిపోయాయి. క్యాన్సర్ వల్ల ఆయన స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు మెడలో పెట్టిన వాల్వ్‌తో మాట్లాడుతున్నాడు. మాట స్పష్టంగా ఉందని మేం రాసిస్తేనే ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి తూకాలు చెప్పే పని మళ్ళీ ఇస్తారట.

ఆయన కాగితంలోని వాక్యాలు చూసి చెప్పాలి. గోడవైపు తిరిగి కూర్చున్న నేను విన్నది రాసి, కాగితంతో పోల్చాలి. పది వాక్యాల్లో నాలుగే కలిశాయి.

"కాకా, కాగితంల 'వర్షం వస్తోంది, గొడుగు తీసుకెళ్ళు' అని ఉన్నది. నాకేమో 'వాన పడ్తాంది, ఛత్రి తీస్కపో' అని ఇనపడ్డది. గందుకే దీనికి సున్న ఏసిన."

మాట బయటికి రావడానికి ఆయన మెడ మీది రంధ్రాన్ని వేలితో మూశాడు. "నేను గదే అన్న గదా. నీకు సమజ్ కాలే?"

"అయింది."

"మరి సున్న నాకెందుకు బిడ్డా? గా కాగితం రాసినోనికెయ్యి."

పదికి పది వేసి సంతకం చేశాను. రేపు మా మేడమ్ సంజాయిషీ అడుగుతారు, వాదించే ఓపిక నాకు లేదు. మీ ఇంట్లో వర్షం వస్తుందా, వాన పడుతుందా? కామెంట్లలో చెప్పండి, సాక్షులు కావాలి.