సొరుగులో పసుపుదారం

కర్నూలులో ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే షాహనా, మెడలో ఉన్నది తీసెయ్యమని ఎవరికీ వెంటనే చెప్పదు. ముందు అదేమిటో అడుగుతుంది. తాయెత్తయితే పెట్టుకోవడానికి శుభ్రమైన గుడ్డ ఇస్తుంది. తాళయితే సొరుగు తెరుస్తుంది. ఆదివారాలు ఇంట్లో పసుపునీళ్లలో తడిపి ఆరేసిన దారాలు అందులో ఉంటాయి. ఒక రోజు కోయిలకుంట్ల నుంచి దగ్గుతో వచ్చిన మద్దిలేటమ్మ, “మొగుడు బతికుండంగా తాళి తీసేది లేదమ్మా, నేను పోతాండా” అని లేచింది. షాహనా దారం తీసింది గానీ తను కట్టలేదు. బయట కూర్చున్న ఆమె భర్త ఓబులేశును పిలిచింది. “తాతా, ముందు ఇది కట్టు. బంగారం ఫొటోకు అడ్డొస్తాది, దారం రాదు.” ముసలాయన మూడు ముళ్లు వేసి, తాళి తీసి గుప్పిట్లో పట్టుకుని బయటికి నడిచాడు.

“ఊపిరి బిగబట్టు అవ్వా,” అంది షాహనా, అద్దం వెనక నుంచి.

మూడో ముడి పడినప్పటినుంచీ మద్దిలేటమ్మ బిగబట్టే ఉంది.