ఆకుపచ్చ చెరుకుగడ

చోడవరంలో మేం పనిచేసిన కంపెనీ బిల్లింగ్ మెషిన్లు తయారుచేసేది. మెషిన్ ఆన్ చెయ్యగానే కనబడే బొమ్మ గీయమని ఓనరు నాకూ, నా పక్క సీటు అమ్మాయికీ చెప్పేడు. ఆ తెర పదహారు రంగులకి మించి చూపించదు. నేను పదహారూ వాడి చెరుకుతోట గీసేను. ఆకులన్నీ మచ్చలు మచ్చలుగా వచ్చేయి. ఆ అమ్మాయి ఒక కన్ను మూసి తెరకేసి చూసేది, "ఇంకో రంగు తీసెయ్యొచ్చు" అనుకుంటూ ఒక్కోటీ తీసేసేది. చివరికి నలుపు మీద ఆకుపచ్చ చెరుకుగడ ఒక్కటే మిగిలింది, కణుపుల దగ్గర తెల్లటి గీతలతో. ఓనరు దాన్నే తీసుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

తరవాత మా అమ్మ కిరాణా కొట్లో ఆ మెషినే పెట్టేం. తెర వెలగ్గానే అమ్మ మొహం వెలిగింది.

"అచ్చం మన సేలో గడే! నువ్వే గీసేవేటే?"

"కాదు."

"మరెవలు గీసేరే?"

ఆ పేరు చెప్పబుద్ధి కాలేదు. ఇప్పటికీ కాదు.