అయిదు పిలుపులు

మా ప్రెస్సు ఫోర్‌మన్ గారు మొన్న మంగళవారం పొద్దున పోయారు. టీ తాగి, చొక్కా వేసుకుని, చెప్పుల కోసం వంగి అలాగే కూలబడ్డారట. ఆ కబురు మోసుకుని వాళ్ళ అల్లుడు వన్ టౌన్‌లో మా ప్రెస్సు మెట్లెక్కేసరికి నేను ఆయన మీద కోపంగానే ఉన్నాను. ఇప్పటికీ ఉన్నాను. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. నేను ఉన్నది రాస్తాను.

ముప్పై ఏళ్ళు ఆ గదిలో నిలబడి సీసం అక్షరాలు పేర్చిన మనిషి. వేలికొనలు సీసం రంగుకి తిరిగాయి. ఒత్తు ఒకటి తలకిందులైతే చూడకుండా తడిమి పట్టుకునేవారు. ఎమర్జెన్సీ పెట్టిన ఏడు నేను గోడౌన్లో మూటలు మోయడం మానేసి ఇక్కడ చేరాను. అయిదో క్లాసుతో ఆగిన చదువు. ఆయన రోజూ తన టీలో సగం నా గ్లాసులో వంచి, ప్రూఫు నా ముందు పడేసేవారు. "చదవకురా, చూడు. చదివితే తప్పు కనపడదు" అనేవారు. నాకు వచ్చిన తెలుగంతా అలా వచ్చిందే.

మా ప్రెస్సుకి పెళ్ళి కార్డుల తర్వాత సన్మాన పత్రాలే ఎక్కువ. ఎవరికో శాలువా కప్పుతారు, దండ వేస్తారు, ఒకాయన మైకు ముందు పత్రం చదువుతాడు, ఆనక దాన్ని అద్దం బిగించి చేతికిస్తారు. అందులో ప్రతి పేరా మీదా పెద్ద అక్షరాలతో ఒక పిలుపు ఉంటుంది. సహృదయ శేఖరా! వదాన్య శిరోమణీ! విద్యాపోషకా! కార్యదక్షా! నిగర్వీ! ఆ అయిదూ మా ఫోర్‌మన్ గారు కల్పించినవే. పెద్ద టైపు ఒక్క కేసే, అంటే ఒక్క అరల పెట్టెడే ఉంది, రెండో జత పేర్చడానికి చాలదు. అందుకే వాటిని విడగొట్టకుండా పురికొసతో కట్టి ఉంచేవాళ్ళం. పేరూ ఊరూ మార్చడమే మా పని. కూచిపూడి నాట్యం నేర్పే మాస్టారికీ, ధాన్యం కొనే షావుకారుకీ అవే అయిదు. ఇద్దరూ మైకు దగ్గర కళ్ళు తుడుచుకున్నారు.

ఆయన అన్నగారికి హనుమాన్ జంక్షన్‌లో రైసు మిల్లు. ఆ ఇంటి హాల్లో మూడు సన్మాన పత్రాలు వేలాడుతుంటాయి. మూడూ మా ఫోర్‌మన్ గారు రాసి పేర్చినవే. క్రిస్మస్‌కి చుట్టాలంతా చేరినప్పుడు ఎవరో ఒకరు వాటిని పైకి చదువుతారట. అక్కడి నుంచి వచ్చాక ఈయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. రాసింది మీరేనని చెప్పొచ్చు కదండీ అని ఒకసారి అడిగాను. ఎట్లా చెప్తాంరా అన్నారు.

ఈ నెలాఖరుకి ఆయన పని మానుకోవాల్సింది. మేమంతా కలిసి అడిగితే ఓనరు గారు ప్రెస్సులోనే చిన్న సన్మానానికి ఒప్పుకున్నారు. పత్రం రాసే పని నాకిచ్చారు. రెండు మధ్యాహ్నాలు భోజనం మానేసి అయిదు పేరాలు నేనే రాసి, నేనే పేర్చాను. పిలుపులు పెట్టలేదు. శుక్రవారం ప్రూఫు తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన చదవలేదు, చూశారు. రెండు తప్పులు దిద్దారు.

"పిలుపులేవిరా?"

"అవి అందరికీ పెట్టేవే కదండీ. మీకెందుకని తీసేశాను."

"అందరికీ పెట్టి నాకు తియ్యడమేంటి?"

"అవి అబద్ధాలని మీకు తెలీదా? రాసింది మీరేగా."

కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"నాకు తెలుసురా. మా అన్నయ్యకి తెలీదు."

నాకు ఒళ్ళు మండింది. పనిలో ఇంత నేర్పు ఉన్న మనిషి షావుకార్ల ఎంగిలి మాటల కోసం చెయ్యి చాపడమేమిటని అనేశాను, అందరూ వింటుండగానే. పెట్టనన్నాను. ఆయన ప్రూఫు మడిచి జేబులో పెట్టుకున్నారు. శనివారం, సోమవారం టీ తనే తాగారు.

మా మగాళ్ళకి ఏం వచ్చిందో నాకు అంతు పట్టదు. ముప్పై ఏళ్ళు పని చేసిన రెండు చేతులు కళ్ళెదుట ఉండగా, గోడ మీద అద్దం వేలాడితేనే మనిషినని నమ్ముతారు. పోనీ, నేను మాత్రం తక్కువ తిన్నానా? రెండు తప్పులు దిద్దినాయన బాగా రాశావురా అని ఒక్క ముక్క అనలేదు. ఆ రోజు నా కోపంలో సగం అదే.

సమాధుల తోటలో సంఘపెద్ద లేచి, ఈయన ఫలానా దాతగారి తమ్ముడని మొదలుపెట్టి, ఆ దాతగారి గురించే మాట్లాడి కూర్చున్నాడు. ఆ దాతగారు, మిల్లు అన్నగారు మాత్రం మట్టి వేసి చంటిపిల్లాడిలా ఏడ్చారు. తర్వాత నా దగ్గరికొచ్చి అడిగారు.

"మా తమ్ముడు మీ ప్రెస్సులో ఏం చేసేవాడు బాబూ?"

అక్కడే కడిగేద్దామనుకున్నాను. తీరా నోటికొచ్చింది వేరు.

"కాగితం ఉందండీ. పంపిస్తాను."

మర్నాడు ఆ పురికొస విప్పి నా అయిదు పేరాల మీద అయిదు పిలుపులూ పెట్టాను. 'వదాన్య శిరోమణీ!' కింద ఆయన నాకు వంచిన టీ వచ్చింది. 'విద్యాపోషకా!' కింద అయిదో క్లాసు కుర్రాడికి తెలుగు నేర్పిన సంగతి వచ్చింది. ప్రూఫు తీసి ఆయన చెప్పినట్టే చూశాను. తీసేయాల్సిన పిలుపు ఒక్కటీ కనపడలేదు. అడుగున, మీ హాల్లో ఉన్న మూడూ రాసింది వీరే అని ఒక వాక్యం చేర్చాను. కాలితో తొక్కే ట్రెడిల్ మిషను మీద రెండు ప్రతులు తీశాను. ఒకటి ఆయన భార్యకి ఇచ్చాను, ఒకటి హనుమాన్ జంక్షన్ పంపాను.

నిన్న ఒక టోకు వర్తకుడి సన్మానం పని వచ్చింది. ఆ అయిదూ తీసి ఇందులో పెట్టమన్నారు ఓనరు గారు. తియ్యనన్నాను. అరిచారు. మిగతావాళ్ళు కేసుల మీదికి వంగి పేర్చుకుంటూనే ఉన్నారు, ఆ అయిదూ తియ్యడానికి ఒక్కరూ లేవలేదు. చివరికి వర్తకుడి ప్రూఫు పిలుపుల్లేకుండానే వెళ్ళింది. రాతి బల్ల మీద మా ఫోర్‌మన్ గారి కాగితం తాలూకు సీసం మళ్ళీ పురికొస కట్టుకుని అలాగే ఉంది, అక్షరాల మీద సిరా ఇంకా తుడవలేదు.