వినాయకుడికి ఉప్పునేల మట్టి

వినాయక చవితి ముందురోజు న్యూజెర్సీ తీరంలో, సముద్రపు నీళ్ళు వచ్చిపోయే గడ్డినేలలో, ప్రతిమ కోసం కాస్త బంకమట్టి తవ్వాను. ఆ గడ్డినేలకు కాపలా ఉండే వలంటీరు పిల్ల పరుగున వచ్చింది. చూస్తే తెలుగమ్మాయే.

"ఆంటీ, బ్యాగ్‌లో ఏముంది?"

"వినాయకుడమ్మా."

"అది మడ్, ఆంటీ!" నమ్మకుండా సంచిలోకి తొంగి చూసింది. "ఈ గడ్డి గాల్లోని కార్బన్ తీసుకుంటుంది. గడ్డి చచ్చాక అది మడ్‌లో స్టోర్ అవుతుంది. తవ్వితే మళ్ళీ గాల్లోకి పోతుంది."

కుళ్ళు కంపు కొట్టే బురదకు ఇంత కథా? నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను.

"పూజయ్యాక ఇక్కడే నిమజ్జనం చేస్తాలే."

"మడ్ తిరిగొస్తుంది ఆంటీ. కార్బన్ రాదు కదా?"

మట్టిని గుంటలోనే పెట్టి అదిమాను. కారు కదిలేదాకా ఆ పిల్ల నా చేతులవంకే చూస్తూ నిలబడింది.

మర్నాడు పసుపు గణపతికి పూజ చేస్తూ, ఆ అనుమానపు పిల్లను చల్లగా చూడమని మొక్కుకున్నాను.