గింజ పట్టని గడ్డితో సిద్దిపేటకు

ఏ గడ్డిని ఏ జాతిగా మొలిపించాలో ఎరిగిన ప్రభువుకు స్తోత్రం. ఆ రోజంతా నా నోట సణుగుడే తప్ప స్తోత్రం రాలేదు కనుక, బాకీ ముందుగా తీరుస్తున్నాను.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఇబ్రహీంపూర్‌లో మా అక్కావాళ్ల నాలుగు బర్రెలకు మేత కరువైంది. అంతకుముందు ఏడాది నేనిచ్చిన సంకర నేపియర్ గడ్డిని బావ పూతకు వదిలి, మంచి కంకులు ఏరి దూలానికి కట్టాడు. పాత దుబ్బులు దున్నేసి, ఆ కంకులు దులిపి చల్లాడు. ఒక్క మొలకా రాలేదు. అందుకే నేను పనిచేసే పశుగ్రాస క్షేత్రం నుంచి కణుపుల ముక్కలు తడి గోనెలో కట్టుకుని, ఆరుంబావుకు జూబ్లీ బస్టాండులో బస్సెక్కాను. ఎండకముందే నాటాలి.

ఏడున్నరకు వర్గల్ క్రాస్‌రోడ్డు దగ్గర బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, వాటి మీద అన్నం గుండిగలు. రోడ్డు మీదే వండుకు తినే నిరసన, వంటావార్పు. అందరూ తిని లేచేదాకా దారి లేదు. గోనె ఆరిపోతోంది.

"గవేంది సార్, చెరుకులా?" అన్నాడు పక్క సీటు సాయిబు, సిద్దిపేటలో కుట్టుమిషన్లు బాగుచేస్తాడట.

సజ్జకూ నేపియర్ గడ్డికీ పుట్టిన పైరని చెప్పాను. సజ్జ నుంచి మెత్తని ఆకు, నేపియర్ నుంచి ఏళ్ల తరబడి చిగిర్చే గుణం వచ్చాయి. అయితే నేపియర్ జన్యువులదే పైచేయి. సజ్జవి చాలావరకు వాటి చాటున అణిగి ఉంటాయి. సజ్జ ఇచ్చిన క్రోమోజోములు ఏడు, నేపియర్‌వి పద్నాలుగు. అన్నిటికీ జత కుదరదు కనుక గింజ పట్టదు.

"ఒకటి పెత్తనం చేస్తది, ఒకటి అణిగి ఉంటది. మనం గీడ కూసున్నది గందుకే గద సార్," అన్నాడు. చుట్టూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. దిగి, గోనె తడపడానికి నీళ్లడిగాను.

"ముందుగాల తిను తమ్మీ. ఇయ్యాల తినకుండ ఎవ్వలు పోరు," అంది గరిటె పట్టుకున్న ఆమె. తిన్నాకే రెండు బిందెలు పోసింది.

పన్నెండింటికి బస్సు కదిలింది. సిద్దిపేట నుంచి ఆటోలో ఇబ్రహీంపూర్ చేరేసరికి రెండున్నర. సగం కణుపుల మీద మొలకెత్తే కళ్లు మాడిపోయాయి. మిగిలినవి బావా నేనూ నాటి నీరు పెట్టాం.

"గీసారి కంకులు మంచిగ ఎండవెడ్త," అన్నాడు బావ.

"అందులో గింజే ఉండదు బావా."

"నువ్వంటున్నవ్. మా బాపు ఎన్నడన్న కంకి దాయకుండ ఉన్నడా?"

తిరుగు బస్సులో కళ్లు మూసుకుంటే ఆ దూలమే కనిపించింది. మట్టిలోని కణుపుల మీద నాకు నమ్మకముంది. బావ మీద లేదు. చదివేవారూ నాతో కలిసి ప్రార్థించండి: ఆ కణుపులు చిగిర్చాలని, ఆ దూలం ఖాళీగా ఉండాలని. ఆమేన్.