చెప్పకుండా వెళ్ళి చూసిన యూనివర్సిటీ

కెనడాలో మా సార్నియా ఊళ్ళో బేస్‌మెంట్లన్నీ మన పిల్లలతో కిక్కిరిసిన ఆ రోజుల్లో, ఒక్క చలికాలం ముందొచ్చినవాడు కూడా వెనకొచ్చేవాళ్ళకి సలహాదారే. నేనప్పుడు కాఫీ షాపులో బల్లలు తుడిచేవాణ్ణి (నడుం వంచకుండా తుడవడం మా వంశానికే చెల్లింది). నాన్నగారి స్నేహితుడు, వాటర్లూ ఊళ్ళో ఉండే అంకుల్, నాకో పెద్దమనిషి పని అప్పగించారు. వాళ్ళమ్మాయి చిన్నికి మా దగ్గర్లోని ఓ చిన్న యూనివర్సిటీలో ప్రీ-మెడ్, అంటే డాక్టరు చదువుకి ముందు చేసే డిగ్రీలో సీటొచ్చింది. నేను చూసి బాగుందంటే పంపుతారు; లేదంటే ఇంటిపట్టునే ఉండి కంప్యూటర్లు చదవాలి. చిన్ని విడిగా ఫోన్ చేసి, "అన్నా, ప్లీజ్, నా లైఫ్ నీ చేతిలో ఉంది" అంది.

సంబంధమైనా, పొలమైనా చెప్పకుండా వెళ్ళి చూడటం మా ఇంటి పద్ధతి (పొలాలు పోయాయి, పద్ధతి మిగిలింది). అందుకని ఎవరికీ ఫోన్ చేయకుండా, టై కట్టుకుని, రూమ్మేట్ కారులో వెళ్ళి దిగాను. అది రీడింగ్ వీక్ అనీ, ఆ వారమంతా క్లాసులుండవనీ ఎవరినడిగినా చెప్పేవాళ్ళు.

తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల మనిషి అలికిడి లేదు. నేను అడుగేస్తే ముందున్న దీపం వెలుగుతోంది, దాటగానే వెనకది ఆరిపోతోంది. ఎంత నడిచినా నా చుట్టూ కాస్త వెలుతురు, మిగతాదంతా చీకటి. ఎక్కడో ఎవరో బరువుగా ఊపిరి తీస్తున్నారు. ఆ చప్పుడు వెంట వెళ్తే ఓ గదిలో మంచం మీద ముసలి తెల్లాయన. ఛాతీ ఎగసిపడుతోంది. కళ్ళార్పి నావైపు చూసి, పెదవి కదపకుండా ఇంగ్లీషులో, భయంగా ఉంది, చెయ్యి పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. చల్లగా ఉంది. లోపల నాడి మాత్రం కొట్టుకుంటోంది. నేను నోరు తెరిచాను. వచ్చింది తెలుగులో వచ్చింది: నేనెవరి మనవణ్ణో, మా తాతగారు ఎలాంటివారో.

"తాతగారి సంగతి తర్వాత బాబూ" అన్నాడు తెల్లాయన, చక్కటి తెలుగులో. "ముందు నా నాడి చూడు."

చూశాను. నా వేళ్ళ కిందే అది ఆగిపోయింది.

నేనూ ఆగిపోయేవాణ్ణే. ఇంతలో గోడకున్న నల్లటి అద్దం వెనక దీపం వెలిగి, హెడ్‌సెట్ పెట్టుకున్న ఓ అమ్మాయి పరుగున వచ్చింది. విజయవాడ పిల్ల, అక్కడ రెండో ఏడు. అది నర్సింగ్ శిక్షణకి వాడే బొమ్మట. హెడ్‌సెట్‌లో గొంతు మార్చి మాట్లాడిందీ, నాడి ఆపిందీ తనేనట; ఆ మసక వెలుతురులో, సెలవుల్లో ప్రాక్టీసుకి వస్తానన్న స్నేహితుడే వచ్చాడనుకుందట. నేను టై సర్దుకుని, ఇక్కడ చదివితే డాక్టరవుతారా అనడిగాను.

"గ్యారంటీ లేదండీ. మెడికల్ సీటుకి మళ్ళీ అప్లై చేయాలి, చాలామందికి రాదు. బొమ్మేగానీ, ఇది పోయిన రోజున నాకు అన్నం సయించదు."

ఆ సాయంత్రం అంకుల్‌కి ఫోన్ చేసి, సీటుకి హామీ లేదనీ, నా చేతుల్లో ఒకాయన పోయాడనీ, బొమ్మేననీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నిట్టూర్చి, అయితే వద్దంటావా అన్నారు. అంతలో చిన్ని ఫోన్ లాక్కుంది. బాగుందా అని అడగలేదు.

"అన్నా, తర్వాత వాళ్ళు ఆయన్ని బతికించారా?"

"ఫోన్ నాన్నకివ్వు" అన్నాను. "అంకుల్, పంపించండి."

యూనివర్సిటీని చూసి రమ్మంటే, చచ్చిన బొమ్మ చెయ్యి వదలకుండా నిటారుగా నిలబడ్డ ఆ కుర్రాడు, అంటే అప్పటి నేను, ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తాడు. పాపం, చిన్ని అడిగిన ఆ ప్రశ్న వాడికి తట్టనే లేదు.