కోరంగి ప్రయాణంలో ఎనిమిదో పేరు

దసరా సెలవుల్లో కాకినాడ పక్కనున్న కోరంగి మడ అడవులు చూడాలని భూమిక ఏడాదిగా ఇంట్లో పోరుతోంది. ఉప్పునీటి బురదలో పెరిగే చెట్లు, వాటి నడుమ చెక్కల బాట, చివర పడవ. అన్నీ ఫోనులో చూసేసింది. చివరికి వాళ్ల నాన్న విజయేందర్ సరేనన్నాడు. మందమర్రిలో బొగ్గుబావి నౌకరీ అతనిది.

ఆదివారం పొద్దున భూమిక కాగితం మీద పేర్లు రాసింది. ఇంట్లో నలుగురు, కరీంనగర్ నుంచి వచ్చే అమ్మమ్మ, తాతయ్య, మేనమామ భానుప్రసాద్. అందరికంటే పైన మాత్రం మల్లక్క పెద్దమ్మ పేరు.

విజయేందర్ కాగితం చూశాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"బండిల ఏడుగురికే జాగ బిడ్డా," అని మొదటి పేరు మీద అడ్డంగా గీత గీశాడు.

జాగ కాదు అసలు సంగతి. మల్లక్క బీడీలు చేస్తుంది. ఆమె చీరకు, చేతులకు ఎప్పుడూ పొగాకు వాసనే. పోయినసారి ఇంటికొచ్చినప్పుడు అతని అత్తగారు ఆమె పక్కన ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే విజయేందర్‌కు తల కొట్టేసినట్టయింది. రెండు రోజులు ఒకే బండిలో ఆ ఇద్దరినీ ఊహించుకోలేకపోయాడు.

మల్లక్క అతని అన్న సారయ్య భార్య. పన్నెండేళ్ల కింద బావిలో పైకప్పు కూలి సారయ్య పోయాడు. ఆ నౌకరీ ఇంట్లో ఒకరికి ఇస్తామన్నారు. "సదువుకున్నోడు, మరిదికే ఇయ్యిన్రి" అంది మల్లక్క. వేలిముద్ర వేయనని, విజయేందర్ చేతనే మూడు రోజులు పలక మీద దిద్దించుకుని, తన పేరు తానే రాసి ఒప్పుకోలు కాగితం ఇచ్చింది. ఆమెకు వచ్చిన చదువు అంతే.

ఆ మధ్యాహ్నమే ఆమె దారిలో తినడానికి చేసిన తీపి గరిజెల డబ్బా పట్టుకుని వచ్చింది. కాళ్లకు కొత్త రబ్బరు చెప్పులు.

"చెక్కల మీద జారుతదని పిల్ల చెప్పింది. అందుకే కొనుక్కున్న," అంటూ నవ్వుతూ కూర్చుంది. బల్ల మీది కాగితం చేతికి తీసుకుంది. "గిది నా పేరే గద!"

తర్వాత ఆమె వేలు గీత మీద ఆగింది.

"గీ గీత ఏంది విజేందర్?"

"నీకు కారు పడదు గద వదినె... కక్కుకుంటవని..."

"నేను కారెప్పుడెక్కిన?"

వంటింటి గుమ్మంలో భార్య జ్యోతిరాణి తల దించుకుంది. మల్లక్క కాగితాన్ని ఎక్కడిదక్కడ పెట్టి, డబ్బా భూమిక చేతికిచ్చి వెళ్లిపోయింది.

మర్నాడు డ్యూటీ దిగి నేరుగా ఆమె ఇంటికి పోయాడు.

"తప్పయింది వదినె. భానుప్రసాద్ బస్సుకొస్తనన్నడు. నువ్వు రా."

ఆమె బీడీలకు తునికాకు కత్తిరిస్తూనే ఉంది. "రాయకపోతె మరిచిండనుకుందును. రాసినంక కొట్టేసినవ్. నేను రాను. పోరగాండ్లను మంచిగ తోల్కపో."

ఎంత బతిమాలినా ఆమె కత్తెర ఆగలేదు.

వాళ్లు వెళ్లారు. చెక్కల బాట మీద నడుస్తూ, అమ్మమ్మ పక్కనుండగానే భూమిక అడిగింది. "పెద్దమ్మ పేరు ఎందుకు కొట్టేసినవ్ బాపూ? నిజం చెప్పు."

ఈసారి అబద్ధం ఆడలేకపోయాడు. "పొగాకు వాసనొస్తదని బిడ్డా. మీ అమ్మమ్మోళ్ల ముంగట నాకు నామోషీ అనిపించింది."

అత్తగారు కింద బురదలోని పీతల వైపు ముఖం తిప్పుకుంది. భూమిక అతని చెయ్యి విడిపించుకుని ముందుకు నడిచింది. పడవలో కూడా తమ్ముడి పక్కనే కూర్చుంది.

తిరిగొచ్చాక నాలుగు రోజులు విజయేందర్ మల్లక్క గడప ముందు నుంచి పోలేక వెనక గల్లీలోంచి డ్యూటీకి పోయాడు. ఐదో రోజు ఆ గల్లీ చివర నల్లా దగ్గర ఆమే ఎదురైంది.

"గా చెట్ల వేర్లు భూమిలకెళ్లి మీదికొస్తయట గద? పిల్ల ఫొటోలు చూపెట్టింది."

"అవు వదినె. గాలి పీల్చుకునేతందుకట."

"ఊ," అంది. బిందె నిండింది. అతను ఎత్తబోతే ఆమె అతని చెయ్యి పక్కకు జరిపి, తానే చంకనెత్తుకుని నడిచింది. విజయేందర్ ఖాళీ చేతులతో అక్కడే నిలబడ్డాడు.